జాగ పట్టినోడు

నాలుగు గంటలు కొట్టి, సుత్తె గూట్లె పెట్టి, లింబయ్య తన స్టూలు మీద కూసున్నడు. కొట్టుడు అయిపోయినా వరండ దూలానికి గొలుసుతోటి వేలాడే రైలు పట్టా ముక్క సన్నగ వణుకుతనే ఉన్నది, పన్ను పీకినంక దవడల మిగిలే తీపు లెక్క. ఇంకొక్క గంట. ఐదు పడితే ఆఫీసు కిటికీ పడతది. కిటికీ పడితే స్కాలర్‌షిప్పు ముచ్చట ఒడుస్తది. ముప్పై ఒక్క ఏండ్ల సంది ఈ కాలేజీకి తనే గంట, తనే గడియారం. పొద్దుగాల పది కొట్టిండు, నడిమిల పీరియడ్లు కొట్టిండు, ఐదు కొట్టి ఇంటికి పోయిండు, ఎన్నడూ ఒక ఐదు గంటల కోసం ఇట్ల కూసోలేదు. గేటు దిక్కు చూడొద్దనుకుంట గేటు దిక్కే చూస్తున్నడు. గేటు అవతల బోధన్ రోడ్డు. ఆ రోడ్డెంబడి ఒక మనిషి రావాలె. రావొద్దు. రావలసినోడు హనోకు, లింబయ్య తోడబుట్టిన తమ్ముడు, బోధన్ల పంతులు కొలువు చేసేటోడు. రావొద్దనేది మాత్రం ఎవరో లింబయ్యకు తెల్వదు. కడుపుల కూసోని ఉన్నది, అంతే. పొద్దుగాల చాయ తాగినప్పటి సంది అదే మాట అంటున్నది.

కిటికీ పక్క బోర్డు మీద నోటీసు అంటిపెట్టి ఉన్నది. లింబయ్య మూడో తరగతి కూడ నిండ చదువుకోలేదు, అచ్చు అక్షరాలు కూడబలుక్కుంట చదువుతడు, కని ఈ నోటీసు వారం సంది చదివి చదివి నోటికి వచ్చింది. పాత రోజులల్ల మిషన్ దొరసాని ఒకామె చచ్చిపోంగ రాసిచ్చిన ఫండు అది. ఏడాదికి ఒక్కరికే. ఫీజు, హాస్టలు, పుస్తకాలు, మూడేండ్ల చదువుకు అన్నీ అదే ఇస్తది, కని ఒకసారి ఇచ్చి ఊకోదు, ఏడాదేడాదికి పిల్ల నిలబడ్డదా లేదా అని చూస్తది. అన్ని పేపర్లు మొదటిసారే పాసు కావాలె. హాజరు నూటికి డెబ్బై ఐదు ఉండాలె. తక్కువైతే డాక్టరు సర్టిఫికెట్ తేవాలె. డిసెంబరు పదిహేను, సాయంత్రం ఐదు లోపల అందాలె. అందకపోతే వరుసల తర్వాతి పేరుకు పోతది. ఆ అడుగు లైను దగ్గర లింబయ్య కండ్లు ప్రతిసారి ఆగుతయి. తర్వాతి పేరు ఎస్తేరు. లింబయ్య కడసారి బిడ్డ. ఫండు మీద ఇప్పుడు చదువుతున్నది సలోమి. హనోకు బిడ్డ. పోయినేడు పరీక్ష పెడితే ఇద్దరికీ నడుమ మూడు మార్కులు. మూడంటే మూడు. రెండు చేతుల వేళ్లల్ల సగం కూడ కాదు.

సలోమికి పేపర్లు అన్నీ పాసైనయి. దసరా ముందల కామెర్లు అయినయి, నెల దినాలు బోధన్ల మంచం పట్టింది, హాజరు డెబ్బై ఒకటికి పడ్డది. ఈ ముచ్చట లింబయ్యకు ఎవరూ చెప్పలేదు. హాజరు రిజిష్టర్లు క్లాసు నుంచి ఆఫీసుకు మోసేది తనే. సలోమి పేరు ముందట ఎర్ర సిరాతోటి వరుసగ పడ్డ సున్నాలు రోజుకొకటి తన సంకలనే పెరిగినయి. గుండ్రంగ, బుడ్డ బుడ్డగ, ముత్తెమంతగ. ముత్తెమంత అనుకోంగనే మళ్ల తమ్ముడు యాదికచ్చిండు. ఎందుకంటే హనోకు అసలు పేరు హనోకు కాదు, ముత్యం. లింబయ్య, ముత్యం, ఒక అవ్వ కడుపుల పుట్టినోళ్లు. లింబయ్య లింబయ్య తీరుగనే ఉన్నడు. ముత్యం హనోకు అయిండు. బోర్డింగుల బాప్తిస్మం ఇచ్చి, ఒంటి మీదికి కొత్త అంగి, నోట్లెకు కొత్త పేరు, రెండూ ఒక్క క్రిస్మసుకే ఇచ్చిండ్రు వానికి. ఆ అంగి ఎవరి కొలత మీద కుట్టిండ్రో లింబయ్యకు తెలుసు. భుజాల కాడ వానికి బెత్తెడు జారింది. ఎందుకు జారదు, అది అన్న అంగి.

గూట్లె టైంపీసు టక్ టక్ అంటున్నది. నాలుగు దాటి పది. కిటికీ ముందట ఇద్దరు పిల్లలు పరీక్ష ఫీజు కట్టటానికి నిలబడ్డరు. లోపల జగన్మోహనరావు, కోస్తా నుంచి వచ్చి బోధన్ కాలువ కింద పొలాలు కొన్న కుటుంబం ఆయనది, ముక్కు మీదికి జారిన అద్దాల పైకెల్లి చూసిండు. "ఏవయ్యా లింబయ్యా, మీ తమ్ముడుగారు ఇంకా రాలేదే?" అన్నడు. లింబయ్య తల ఊపిండు. అవునన్నట్టో లేదన్నట్టో రావుకు అర్థం కాలేదు. "గంట పడిందంటే నేనిక కిటికీ తియ్యనయ్యోయ్, ఆయన మేష్టారైనా సరే. కమిటీవాళ్ళు లోపల కూచునే ఉన్నారు. నా దగ్గర వాచీ కూడా లేదు, రిపేరుకిచ్చాను. నీ గంటే నాకు లెక్క." ఆఖరి మాట నవ్వుకుంట అన్నడు. లింబయ్య నవ్వలేదు. నీ గంటే నాకు లెక్క. ఆ మాట వచ్చి ఒడిల పడ్డది. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నడు.

రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు పోయింది. దాని వెనుక ఇంకొకటి. గేటు సందుల నుంచి పచ్చి చెరుకు వాసన వచ్చింది, కోసిన కాడ తీపి, ఎండిన ఆకు కాడ దుమ్ము. సీజను. బోధన్ దిక్కు రోడ్డు ఇయ్యాల ఖాళీ ఉండదు. ఫ్యాక్టరీ కాంటా ముందట బండ్లు, ట్రాక్టర్లు మైలు పొడుగు లైను కట్టి ఉంటయి, బస్సుకు దారియ్యయి. హనోకు డాక్టరు కాయిదం పట్టుకోని రెండున్నర బస్సు ఎక్కుతనని ఫోను చేయించిండట. ఎక్కే ఉంటడు. ఎక్కి, ఆ చెరుకు నడుమ ఇరుక్కోని, గడియారం చూసుకుంట కూసోని ఉంటడు. ఉండనీ. చెరుకు లైను అంటే ఏందో వానికి కూడ జర తెల్వనీ. తొమ్మిదేండ్లప్పుడు తనకు తెలిసింది. మడ్డి వాసన, ఎద్దుల ఉచ్చ వాసన, ముందటి బండి జరిగితే తన బండి గజం జరిగేది, మళ్ల ఆగుడు. బండి ఇడిసిపెట్టి పక్కకు పోతే వెనుకోడు ఎద్దులను పక్కకు తోలి తను జొరబడేది. అందుకే బండి మీద ఎవడో ఒకడు కూసునే ఉండాలె. జాగ పట్టి ఉండాలె. బాపు కాలు మీదికెల్లి చక్రం ఎక్కిన ఏడు అది. చెరుకు ఎండిపోతున్నది, కోత పర్మిట్టు వచ్చింది, బండి తోలే మనిషి లేడు. బాపు కట్టె పట్టుకోని కుంటుకుంట నిజామాబాదు బోర్డింగుకు వచ్చిండు.

బోర్డింగు అప్పుడు పెద్ద చర్చి వెనుక ఉండె. ఇనుప మంచాలు ఇరువై, మంచానికొక పెట్టె, పెట్టెలొక సిల్వరు తళ్లె. లింబయ్య తన తళ్లె అంచు మీద మొలతోటి "లిం" అని గీసుకున్నడు. పూర్తి పేరు గీసుడు ఒడువకముందే తిండి గంట కొట్టిండ్రు. లెక్కలల్ల తనే ముందు. దొరసాని తన పలక పైకి లేపి అందరికీ చూపించింది ఒకసారి, ఆ పలక మీద ఏ లెక్క ఉన్నదో కూడ ఇప్పటికీ యాదికుంది, మూడు రూపాయల రెండణాలల్ల నుంచి రూపాయి ఏడణాలు తీసివేస్తే. మంచం పది దినాలు ఖాళీగ ఉంటే పేరు కొట్టేస్తరు, అది బోర్డింగు నియమం. బాపుకు నియమాలు తెల్వయి కని జాగ సంగతి మంచిగ తెలుసు. అందుకే ఉత్త చేతులతోటి రాలేదు, ఆరేండ్ల ముత్యాన్ని ఎంబడి తెచ్చిండు. "పెద్దోడు బండి మీద జాగ పట్టుతడు, సిన్నోడు గీడ మంచం మీద జాగ పట్టుతడు. సీజను ఒడిసినంక అదలుబదలు" అన్నడు. బాపు బతుకంత ఆ లైన్లనే గడిచింది. జాగ పట్టినోడు జాగ ఇస్తడు, అసలోడు రాంగనే దిగిపోతడు, అది లైన్ల ధర్మం, దాని మీద ఎవ్వడూ తగాద పెట్టుకోడు. లోకమంత అట్లనే నడుస్తదని అనుకున్నడు బాపు. ముత్యం మంచం ఎక్కి కూసోని కాళ్లు ఊపిండు. వాని కాళ్లు నేలకు అందలేదు.

ఇరువై నాలుగు దినాలు. చెరుకాకు కోసిన చేతులతోటి వాపసు వస్తే ముత్యం అదే మంచం మీద పలక పట్టుకోని ఉన్నడు. అక్షరాలన్నీ వచ్చినయి వానికి. దొరసాని వాని తల నిమురుకుంట చెప్పింది, వచ్చీరాని తెలుగుల: పెద్ద పిల్లగాడు పరీక్షకు లేడు, హాజరు లేదు, తరగతి పోయింది. చిన్నోడు ఉన్నడు, మంచిగ చదువుతున్నడు. ఇంటికి ఒక్కరే. బాపు తువ్వాల రెండు చేతులల్ల పిసుక్కుంట, "అమ్మా, గీ పెద్దోడే అసలోడమ్మా. వాడు ఉత్తగ జాగ పట్టినోడు" అన్నడు. దొరసానికి ఆ మాట అర్థం కాలేదు. నవ్వింది. మంచిగనే నవ్వింది, అందుల ఎచ్చులేమీ లేవు, అదే లింబయ్యకు ఇంక మండుతది. ముత్యం మంచం దిగలేదు. ఆరేండ్లోనికి ఏం తెలుసు అని ఎల్లవ్వ అంటది, లింబయ్య పెండ్లాం, నలభై ఏండ్ల సంది అదే మాట. ఏం తెల్వకుంటే కాళ్లు ఎందుకు పైకి ముడుచుకున్నడు? అన్న రాంగనే దిగిపోతరు గద ఎవ్వలైనా. వాడు కాళ్లు పైకి ముడుచుకున్నడు. నేను చూసిన.

నాలుగు ఇరువై ఐదు. ఇంక కొట్టే పీరియడు లేదు. సుత్తె గూట్లె ఉన్నది. ఈ సుత్తె కూడ వాడు ఇప్పిచ్చిందే. అరవై మూడుల హనోకు పంతులై ఉండె, ఈ కాలేజీ ప్రిన్సిపాలుతోటి ఒక మాట చెప్పిండు, మా అన్న ఉన్నడు, నమ్మకస్తుడు, చెరుకు కొట్టుకుంట తిప్పలు పడుతున్నడు అని. చెరుకు బండి మీదికెల్లి దించి స్టూలు మీద కూసోబెట్టిండు. ఊరంత మెచ్చుకున్నది. తమ్ముడంటే గట్ల ఉండాలె అన్నరు. లింబయ్య కూడ తల ఊపిండు. వాడు ఇచ్చిన కొలువు, వాడు ఇచ్చిన సుత్తె, వాడు పెద్దక్రిస్మసుకు తెచ్చిచ్చే ధోతి, అన్నీ తీసుకున్నడు, తీసుకున్న ప్రతిసారి లోపల ఎక్కడో చెరుకాకు కోసినట్టు సన్నగ గీసుకపోయింది. నెత్తురు రాదు. మంట ఉంటది. మెట్రిక్‌ల మొదటి నంబరు వచ్చిందని దొరసాని వానికి చేతి గడియారం ఇచ్చింది, కీ ఇచ్చేది. అది ఇప్పటికీ వాని చేతికే ఉన్నది. కాలేజీకి ఎప్పుడొచ్చినా ముందుగాల లింబయ్య గూటి కాడికి వస్తడు, టైంపీసు చేతుల పట్టుకుంటడు, తన గడియారం దిక్కు ఒకసారి చూసి, "అన్నా, రెండు నిమిషాలు ఎనుకున్నది" అని ముల్లు తిప్పి పెట్టి పోతడు. ప్రేమతోటే. ముప్పై ఏండ్ల సంది కాలేజీకి టైము చెప్పేది లింబయ్య, లింబయ్యకు టైము చెప్పేది వాడు.

పోయిన జూలైల ఒకనాడు హాస్టలు నల్ల కాడ సలోమి తళ్లె కడుగుతున్నది. పాత సిల్వరు తళ్లె, నొక్కులు పడ్డది. "పెద్దబాపూ, మా బాపు బోర్డింగు తళ్లె ఇది, నాకిచ్చిండు. గీ అంచు మీద లిం అని ఉన్నది, ఏందిది?" అని అడిగింది. లింబయ్య చూసిండు. యాభై ఏండ్ల కింద మొలతోటి గీసిన గీత, లోపలి నలుపు కూడ పోలేదు. "ఏమో" అన్నడు. అంతే అన్నడు. పిల్ల నవ్వి తళ్లె తుడుచుకోని పోయింది. నవ్వితే వాని తీరుగనే ఉంటది. మంచి పిల్లనే. ఎస్తేరుకు తన నోట్సులన్నీ రాసిచ్చింది. జ్వరంల ఉండి కూడ బోధన్ నుంచి చీటీ పంపింది, ఎస్తేరూ ల్యాబు రికార్డు తప్పకుండ పెట్టు అని. నిన్న ఎస్తేరు జడ వేసుకుంట అన్నది కద, "బాపూ, అక్క కాయిదం టైముకు అందుతది గద? అక్క లేకుంటే నాకు ల్యాబుల మనసు పట్టది." లింబయ్య చెప్పులు తొడుక్కోని బయటికి వచ్చిండు. అక్క కాయిదం అందితే నువ్వు ల్యాబులనే ఉండవు బిడ్డా అని ఎట్ల చెప్పుడు. నెలాఖరుకు తన కొలువు ఒడుస్తది, ఎస్తేరు ఫీజు కట్టే జీతం బందైతది. ఇంట్ల గోడకు ఆనించి ఒక కొత్త చాట ఉన్నది, ఎల్లవ్వ సంతల కొనుక్కొచ్చింది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుట్టి బీడీలు చేసే చాట. ఎల్లవ్వ చాట ఆమెకున్నది, పెద్దబిడ్డ చాట పెద్దబిడ్డకున్నది. మూడోది ఎవరికని లింబయ్య అడగలేదు. ఆమె చెప్పలేదు. కొత్త చాటకు పచ్చి వెదురు వాసన వస్తున్నది.

మూడు మార్కులు. ఆ మూడు మార్కులు సలోమి తెలివిల పుట్టినయా, సలోమి ఇంట్ల పుట్టినయా? వాళ్ల ఇంట్ల బల్ల ఉన్నది, బల్ల మీద దీపం ఉన్నది, పక్కకు కూసోని చెప్పే పంతులున్నడు. ఎస్తేరుకు మోకాళ్లు బల్ల, బీడీల తంబాకు దగ్గు. ఆ మంచం నాకే ఉండి ఉంటే నేనే పంతులునైతుంటి. ఆ గడియారం నా చేతికుండు. ఎస్తేరు బల్ల మీద చదువుతుండె, హనోకు, కాదు ముత్యం, ముత్యం ఈ స్టూలు మీద కూసోని గంట కొడుతుండె, నేను వచ్చి ముత్యం, రెండు నిమిషాలు ఎనుకున్నది అంటుంటి. ఆ మాట నోట్లెనే అనుకోని చూసిండు. తీపిగ ఉన్నది. చెరుకు ముక్క లెక్క నమిలిండు, రసం పోయి పిప్పి మిగిలేదాక నమిలిండు. నలభై ఐదు. నాలుగు నలభై ఐదు. రాలేదు. కిటికీ కాడ ఒక్క పిల్లనే మిగిలింది. ఎండ వరండ మూడో మెట్టు దిగింది. ఇంక రాడు. లోపల ఏదో తేలికగ, వెచ్చగ, పండుగనాటి పొద్దుగాల లెక్క లేచింది. ఎవ్వరికీ ఏం చెయ్యలేదు తను. రోడ్డు ఆపింది చెరుకు. టైముకు గంట కొడతడు, అంతే, ముప్పై ఒక్క ఏండ్లు కొట్టినట్టే. చేతులు కడుక్కున్నంత సుఖంగ లేచి నిలబడి సుత్తె చేతికి తీసుకున్నడు. ఇంకా టైము ఉన్నది. ఊకనే పట్టుకున్నడు. పిడి చెమటకు నున్నగైంది, తన చెమటకే.

నాలుగు యాభై ఐదుకు గేట్లె నుంచి హనోకు వచ్చిండు. బస్సుల రాలేదు, నడిచి వచ్చిండు, ఎంత దూరం కెల్లి నడిచిండో, ధోతి మోకాళ్ల మీదికి ఎత్తుకున్నడు, కాళ్లకు ఎర్ర దుమ్ము, ఒక చెప్పు తెగితే చేతుల పట్టుకున్నడు, ఇంకో చేతిల కాయిదం పైకి ఎత్తి పట్టుకున్నడు. యాభై ఆరేండ్లోడు పరుగు అనలేని పరుగు వస్తున్నడు. గేటుకూ కిటికీకీ నడుమ మైదానం, రెండు నిమిషాల నడక. అన్నను చూసిండు. మొఖమంత నవ్వు. ఊపిరి ఆడుతలేదు, అయినా కేకేసిండు:

"అన్నా! అందిన! జర లైన్ల నా జాగ పట్టు!"

లింబయ్య చెయ్యి లేచింది.

ఒకటి. ఆ దెబ్బ తన చెవులకే కొత్తగ ఇనవడ్డది. కాయిదం ఎత్తిన చెయ్యి మైదానం నడుమ ఆగింది. రెండు. ఆపొచ్చు, ఇప్పుడు ఆపితే పిల్లలు ఏదో తప్పు కొట్టిండు ముసలోడు అనుకుంటరు. మూడు. మూడు మార్కులు, మూడో తరగతి, మూడు రూపాయల రెండణాలు. నాలుగు. మంచం మీద కాళ్లు పైకి ముడుచుకున్నడు, నేను చూసిన, నేను చూసిన. ఐదు. పట్టా ముక్క గుండ్రంగ తిరుగుకుంట మోగింది. కిటికీ పలక దబ్బున పడ్డది. క్లాసులల్ల నుంచి పిల్లలు గోలగ బయటికి వచ్చుడు షురువైంది. లింబయ్య చెయ్యి మోచేతి దాక జుమ్ముమంటున్నది. గూట్లె టైంపీసు నాలుగు యాభై ఆరు చూపెడుతున్నది. దాన్ని చూడలేక గోడ దిక్కు మొఖం పెట్టిండు.

హనోకు మెల్లగనే వచ్చిండు ఇగ. ఉరికేది ఏమున్నది. కిటికీ కాడికి పోయి ఏలితోటి తట్టిండు. జగన్మోహనరావు పలక తియ్యలేదు, పక్క తలుపుల నుంచి బయటికి వచ్చి చేతులు జోడించిండు. "క్షమించండి మేష్టారూ. గంట పడిపోయింది. కమిటీవాళ్ళకి లిస్టు ఇవ్వబోతున్నాను. నా చేతుల్లో ఏం లేదండీ." ఆగి, ఎందుకో అడిగిండు, "ఇంతకీ మీ వాచీలో ఎంతయిందండీ?"

హనోకు చెయ్యి తిప్పి గడియారం చూసుకున్నడు. చూసి, తల ఎత్తి అన్న దిక్కు చూసిండు. సుత్తె ఇంకా చేతులనే ఉన్న అన్న దిక్కు. ఆ చూపుల కోపం ఉంటే బాగుండు. లింబయ్య దాని కోసమే నిలబడ్డడు, కోపానికి జవాబు యాభై ఏండ్ల సంది గొంతుల తయారుగ ఉన్నది. హనోకు చూపు మాత్రం అన్న మొఖం మీద ఎంతో సేపు ఆగి, కిందికి దిగి, సుత్తె పట్టుకున్న వేళ్ల మీదికి, ఆ వేళ్ల మీది పాత చెరుకాకు గీతల మీదికి పోయింది. ఏదో గుర్తుపట్టినట్టు ఆగింది.

"ఐదు దాటింది సార్" అన్నడు హనోకు. "గంట సరిగ్గనే పడ్డది. నేనే ఆలిశం జేసిన."

రావు తల ఊపుకుంట లోపలికి పోయిండు. హనోకు వచ్చి మెట్టు మీద కూసున్నడు. తెగిన చెప్పు పక్కకు పెట్టిండు. కాయిదం మోకాళ్ల మీద పెట్టిండు. ఎప్పటి తీరుగనే చెయ్యి చాచి గూట్లె టైంపీసు అందుకున్నడు, వెనుక కీ పట్టుకోని ముల్లును తిప్పిండు, ఐదు దాటేదాక తిప్పిండు, మళ్ల గూట్లె పెట్టిండు. "ఎవలన్న చూస్తరన్నా" అన్నడు, సన్నగ. కాళ్ల దుమ్ము దులుపుకుంట, "నేను మంచం దిగకపోతినే ఆనాడు. దిగితే తళ్లె గుంజుకుంటవని భయమైంది. అన్నం కోసమే అన్నా" అన్నడు.

గుర్తున్నది వానికి. యాభై ఏండ్లు. గుర్తుంచుకోని, కొలువు ఇప్పిచ్చి, ధోతులు తెచ్చి, టైము సరిచేసి, ఇయ్యాల జాగ దిగిండు. మంచం మీదికెల్లి దిగిండు ముత్యం. ఇగో అన్నా, నీ జాగ. లింబయ్యకు కడుపుల ఉన్నది చల్లబడాలె. చల్లబడలేదు. ఇంక కాగింది. ఇది కూడ వాడే ఇయ్యాల్నా? దొంగతనం చేసి తెచ్చుకున్నది కూడ చివరికి వాడు ఇచ్చిందే కావాల్నా? నేను గుంజుకున్నది నాదిగ ఉండనియ్యడా? రేపు ఎస్తేరు పుస్తకం తెరిచిన ప్రతిసారి అది హనోకు పెట్టిన పుస్తకం, ఊరంత తెల్వకున్నా నాకు తెలుసు, వానికి తెలుసు, సచ్చేదాక వాడు పెద్దోడు, నేను తీసుకునేటోన్ని. అయినా వాడు ఇచ్చేది ఎవని జాగ? బాపు నన్ను అడగకుంటనే నా మంచం మీద నిన్ను కూసోబెట్టిండు. నువ్వు సలోమిని అడిగినవా? జ్వరంల ఉండి చీటీ రాసిన పిల్లను అడిగినవా? నల్ల కాడ నిలబడి తళ్లె కడుగుకుంట లిం అంటే ఏంది పెద్దబాపూ అన్న పిల్ల. మనమిద్దరం ముసలోళ్లం ఈ మెట్టు మీద కూసోని ఆమె జాగను అటు ఇటు మార్చుకుంటున్నం, ఆమెకు తెల్వనే తెల్వదు.

లింబయ్య వంగి తమ్ముని మోకాలి మీదికెల్లి కాయిదం గుంజుకున్నడు. ఇచ్చింది కాదు, గుంజుకున్నదే. పోయి కిటికీ పలకను సుత్తె పిడితోటి కొట్టిండు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. పలక లేచింది.

"ఏవయ్యా? ఏంటిది?"

"గంట తప్పు కొట్టిన సారు. ఐదు గాలే. నాలుగు నిమిషాలు ముందుగాల కొట్టిన."

"తప్పు కొట్టావా? నువ్వా?"

"కొట్టిన."

"పొరపాటునా, కావాలనా?"

లింబయ్య కాయిదం కిటికీ గట్టు మీద పెట్టి రెండు చేతులతోటి లోపలికి జరిపిండు. రావు ఆ కాయిదం దిక్కు చూసిండు, దాని మీద పేరు చదివిండు, తర్వాతి పేరు ఎవరిదో యాదికచ్చినట్టు అద్దాలు తీసి లింబయ్యను చూసిండు. "ప్రిన్సిపాల్‌గారికి చెప్పాల్సొస్తుందయ్యా. నెలాఖర్న రిటైరవబోతూ ఏం పనయ్యా ఇది" అన్నడు, కని ముద్ర తీసి కాయిదం మీద గుద్దిండు. ఆ ముద్ర చప్పుడు చిన్నదే. లింబయ్యకు కొత్త చాట నేల మీద పెట్టిన చప్పుడు తీరుగ ఇనవడ్డది.

వాపసు వచ్చేసరికి హనోకు మెట్టు మీది నుంచి లేచి నిలబడ్డడు. ఏదో అనబోయిండు. "ఏం చెప్పకు" అన్నడు లింబయ్య. "నా టైంపీసు పాడు చేసినవు. నీ గడియారం చూసి చెప్పు, ఐదు ఎప్పుడైతదో." యాభై ఏండ్లల్ల తమ్మున్ని టైము తను అడుగుడు అదే మొదలు. హనోకు చెయ్యి కండ్ల కాడికి లేపిండు. గడియారం పట్టీ కింద చర్మం తెల్లగ ఉన్నది, ఎండ తగలని కాడ, మంచం మీద కూసున్న ఆరేండ్లోని చర్మం. ల్యాబు తలుపుల నుంచి ఎస్తేరు బయటికి వచ్చింది. "చిన్నబాపూ! వచ్చినవా? అక్క కాయిదం ఇచ్చినవా?" అని దూరం కెల్లే అరిచింది, రికార్డు పుస్తకం గుండెకు పెట్టుకోని, మొఖమంత సంబురం. ఆ సంబురాన్ని చూసి లింబయ్య సుత్తె పిడి గట్టిగ పట్టుకున్నడు. నా బిడ్డ. నా బిడ్డకు కూడ కాళ్లు ముడుచుకునుడు రాదు.

"అయింది అన్నా" అన్నడు హనోకు.

లింబయ్య కొట్టిండు. మైదానంల పోతున్న పిల్లలు ఆగి వెనుకకు తిరిగి చూసిండ్రు, నవ్విండ్రు, ముసలోనికి మతి పోయిందన్నరు. ఐదు దెబ్బలు లెక్క పెట్టి కొట్టిండు, ఒక్కటి తక్కువ కాకుండ, ఒక్కటి ఎక్కువ కాకుండ. ఆ కాలేజీల ఆనాడు ఐదు రెండుసార్లు అయింది.